వెసూవియస్ ఎదుట ఒక స్టూడియో

బతుకుతెరువు కోసమో, చదువు కోసమో ఇటలీ వెళ్లి అక్కడే ఉండిపోయిన ఫొటోగ్రాఫర్లు ఎందరో ఉన్నారు. ఆ దేశం తన పాత ముఖం చూసుకోవాలంటే ఇవాళ వాళ్ల పెట్టెలే తెరవాలి. నాయుడుపేట నుంచి చూస్తే ఆ కథలో మనకు పనికొచ్చే సంగతులు చాలా కనిపిస్తాయి.

1872 ఏప్రిల్ 26. వెసూవియస్ మండుతోంది. వింత చూద్దామని ముందురోజు రాత్రి కొండెక్కిన జనంలో కొందరు, తెల్లవారుజామున కొండ పక్క చీలి పొంగిన లావాకు చిక్కి చనిపోయారు. దిగువన ఉన్న సాన్ సెబాస్టియానో, మాస్సా గ్రామాల్లోకి నిప్పుల ముద్ద నడిచి వచ్చింది. కొండ మీది పరిశోధనశాలలో లుయీజీ పాల్మియేరి అనే శాస్త్రవేత్త ప్రాణానికి తెగించి పరికరాల ముందు కూర్చున్నాడు. కింద నేపుల్స్‌లో జార్జో సొమ్మర్ అనే ఫొటోగ్రాఫరు స్టాండు మీద పెద్ద కెమెరా బిగించి, ఆకాశానికి లేచిన పొగను అరగంటకొకసారి ఫొటో తీస్తున్నాడు. ఫొటో కింద తేదీతో పాటు గంట కూడా వేశాడు. అగ్నిపర్వతం ఒక్క మధ్యాహ్నంలో ఎలా పెరిగిందో, ఎటు ఒరిగిందో వరసగా చూడగలుగుతున్నామంటే ఆ పట్టుదల వల్లే.

ఆకాశం కేసి కెమెరా ఎత్తడం మన వైపు వాళ్లకు కొత్త కాదు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తుందంటే నాయుడుపేటలో మిద్దెలన్నీ జనంతో నిండిపోతాయి. 2023 జులై 14న మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3 లేచినప్పుడు ఎన్ని ఫోన్లు పైకి లేచాయో! రాకెట్ కనుమరుగయ్యాక కూడా తెల్లటి పొగ గీత గాలికి వంకర్లు తిరుగుతూ కాసేపు నిలుస్తుంది. ఆ గీతను అరగంట తర్వాత మళ్లీ ఫొటో తీసేవాళ్లు తక్కువ. సొమ్మర్ తీసింది సరిగ్గా ఆ తర్వాతి అరగంటనే.

అప్పట్లో ఒక్క ఫొటో తీయడమంటే ఎంత పనో తెలిస్తే ఆ మధ్యాహ్నం విలువ తెలుస్తుంది. ఫిల్ము లేదు. గాజు పలకే నెగటివ్. దాన్ని శుభ్రంగా తుడిచి, ఒక మూల పట్టుకుని, కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పోసి, నాలుగు మూలలకూ పారేలా పలకను వంచుతూ పూత వేయాలి. పూత కాస్త బిగుసుకోగానే చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టాలి, ఫొటో తీయాలి, చీకటి గుడారంలోకి పరిగెత్తి కడగాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. ఎండకాలంలో అంత వ్యవధి కూడా ఉండదు. చేతి వేళ్లు వెండి మందుకు నల్లబడిపోయేవి. ఎదురుగా కొండ నిప్పులు కక్కుతుంటే, ఒక పలక కడిగి ఆరబెట్టి, ఇంకొకటి పూత వేసి, మళ్లీ అదే చోటికి వచ్చి నిలబడటానికి చెయ్యి వణక్కూడదు.

ఈ సొమ్మర్ నేపుల్స్‌లో పుట్టినవాడు కాడు, ఇటలీవాడే కాడు. 1834లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. అసలు పేరు గియోర్గ్. స్విట్జర్లాండ్‌లో కొంతకాలం పని చేసి, 1857 ప్రాంతంలో నేపుల్స్ చేరాడు. అప్పటికి ఇటలీ అనే దేశమే ఏర్పడలేదు. నేపుల్స్‌ను బూర్బన్ రాజులు ఏలుతున్నారు. అతను వచ్చిన మూడు నాలుగేళ్లకే, 1860 సెప్టెంబరులో గరిబాల్డీ ఊళ్లోకి ప్రవేశించాడు. మరుసటి ఏడు ఇటలీ రాజ్యం ఏర్పడింది. రాజులు మారారు, జెండాలు మారాయి, సొమ్మర్ స్టూడియో మాత్రం నడుస్తూనే ఉంది. కొత్త రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఆస్థాన ఫొటోగ్రాఫరు హోదా కూడా దక్కింది. గియోర్గ్ కాస్తా జార్జో అయ్యాడు. 1914లో నేపుల్స్‌లోనే కన్నుమూశాడు. అర్ధ శతాబ్దానికి పైగా ఒకే ఊరు, ఒకే కొండ!

నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది ఆ కొట్టు నడిపిన తీరు. ఆ రోజుల్లో యూరప్‌లోని డబ్బున్నవాళ్లంతా ఇటలీ చూడటానికి వచ్చేవారు. వాళ్ల చేతుల్లో కెమెరాలు ఉండవు కాబట్టి, చూసినదానికి గుర్తుగా ఫొటోలు కొనుక్కోవాల్సిందే. సొమ్మర్ వాళ్లకు అన్ని రకాలూ తయారుగా పెట్టాడు. జేబులో పట్టే చిన్న కార్డులు, రెండు కళ్లతో చూస్తే లోతు కనిపించే జంట ఫొటోలు, గోడకు తగిలించుకునే పెద్దవి, తోలు అట్టల ఆల్బములు. ప్రతి ఫొటోకూ ఒక నంబరు. జాబితా చూసి నంబరు చెబితే చాలు. మ్యూజియంలోని శిల్పాలకు కంచు నకళ్లు పోయించి అవీ అమ్మాడు. రోమ్‌లో స్టూడియో ఉన్న ఎడ్మండ్ బేలెస్ అనే మరో జర్మన్‌తో కొంతకాలం భాగస్వామ్యం నడిపాడు. ఇద్దరి పేర్లూ కలిసి ఉన్న ఫొటోలు ఇప్పటికీ ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో కనిపిస్తాయి. కళాకారుడు అనిపించుకోవాలని ఆయన ఆరాటపడిన దాఖలాలు తక్కువ. అద్దె కట్టాలి, పనివాళ్లకు జీతాలివ్వాలి, గాజు పలకలు తెప్పించాలి. ఆ లెక్కల మధ్యే మహా ఫొటోలు పుట్టాయి.

వాటిలో ఒకదాని ముందు నేను చాలాసేపు ఆగిపోతాను. అది ఒక కుక్క ఫొటో. క్రీస్తు శకం 79లో ఇదే వెసూవియస్ బూడిదలో పాంపేయి పట్నం పూడిపోయింది. చనిపోయినవాళ్ల చుట్టూ బూడిద గట్టిపడింది. లోపలి శరీరం క్రమంగా శిథిలమై, దాని ఆకారంలో ఖాళీ మిగిలింది. తవ్వకాల అధికారి జుసెప్పే ఫియొరెల్లి 1863లో ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి, చుట్టూ ఉన్న బూడిద పొర ఒలిపించాడు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి మనుషులు చనిపోయిన భంగిమలోనే బయటికి వచ్చారు. 1874లో అలా ఒక ఇంటి వాకిట కాపలా కుక్క దొరికింది. పారిపోదామంటే మెడకు గొలుసు. సొమ్మర్ ఆ కుక్కను దగ్గరి నుంచి తీశాడు. వెల్లకిలా పడి, నడుము మెలితిరిగి, నాలుగు కాళ్లూ గాలిలో కొట్టుకుంటున్నట్టే ఉంది. మెడ పట్టీ స్పష్టంగా కనిపిస్తుంది. గొలుసు విప్పడం మరిచిపోయిన ఆ ఇంటివాళ్ల హడావుడి కూడా అందులో కనిపిస్తుంది నాకు.

అయితే ఆయన తీసిన వాటిలో నేను చూడలేని ఫొటోలూ ఉన్నాయి. నేపుల్స్ పేదలు చేత్తో మకరోనీ ఎత్తి నోట్లో వేసుకుంటున్నట్టు, వీధిలో ఉత్తరాలు రాసిపెట్టేవాడి ముందు కూర్చున్నట్టు వరసపెట్టి తీశాడు. అవి బాగా అమ్ముడుపోయాయి. అవన్నీ నిలబెట్టి, చెప్పి చేయించినవి. పేదరికాన్ని పర్యాటకులకు వేడుకగా చూపించినవి. ఊళ్లో ఇన్నేళ్లు ఉన్న మనిషికి ఆ ఆకలి తెలియదనుకోను. కొట్టుకు వచ్చేవాళ్లు ఏది అడుగుతారో అదే తీశాడు. స్టూడియో వ్యాపారంలోని బలహీనత అది. ఇవాళ మన పెళ్లిళ్ల ఫొటోల్లోనూ అదే కనిపిస్తుంది.

రోమ్‌కు వచ్చి ఉండిపోయినవాళ్లు

సొమ్మర్ కన్నా ముందే రోమ్‌లో ఇద్దరు బ్రిటిష్ వాళ్లు ఈ వృత్తిలో స్థిరపడ్డారు. రాబర్ట్ మాక్‌ఫర్సన్ స్కాట్లాండ్‌వాడు. వైద్యం చదువుతూ మానేసి, 1840 ప్రాంతంలో చిత్రకారుడిగా రోమ్ వెళ్లాడు. పాత చిత్రాలు కొనీ అమ్మీ బతికాడు. ఆయన కొన్న ఒక పాత చెక్క చిత్రం మైకెలాంజెలోదని తేలింది, ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 1851లో కెమెరా పట్టాక రోమ్ శిథిలాలను అంత నిదానంగా, అంత పెద్ద పలకల మీద తీసినవాళ్లు తక్కువ. ఇంకొకరు జేమ్స్ ఆండర్సన్. ఈయన అసలు పేరు ఐజాక్ అట్కిన్సన్. ఆయన తర్వాత కొడుకు, మనవలు ఆ పని కొనసాగించారు. తండ్రి తీసిన గుడినే, అదే చోట నిలబడి, కొడుకు మళ్లీ తీశాడు.

ఇదే కాలంలో మన దక్షిణాదిలో ఏం జరిగిందో చెప్పుకోవాలి. 1856లో మద్రాసు ప్రభుత్వం లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా వేసింది. మన ఎండకు తడి గాజు పలకలు నిలవవని ఆయన మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌లు వాడాడు. శ్రీరంగం, తంజావూరు, మదురై గుళ్లను అద్భుతంగా తీశాడు. ఖర్చు ఎక్కువవుతోందని 1860లో ఆ ఉద్యోగమే ఎత్తేశారు. ఉత్తరాన ఆయన తిరగకముందే పని ఆగిపోయింది. ఇంకో నాలుగేళ్లు ఉండి ఉంటే తిరుపతి వైపు వచ్చేవాడేమో అని ఆశపడటం తప్ప చేయగలిగిందేమీ లేదు. సర్కారు జీతం మీద ఆధారపడ్డ ఫొటోగ్రఫీ ఒక్క సంతకంతో ఆగిపోయింది. జనం ఇచ్చే డబ్బుతో నడిచిన నేపుల్స్ కొట్టు యాభై ఏళ్లు నిలిచింది.

మనకూ ఒక సొమ్మర్ లేకపోలేదు. మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేసిన లాలా దీన్‌దయాళ్ 1885లో ఆరో నిజాంకు ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. బయటి ఊరివాడికే ఆ ఆలోచన రావడం నాకు ఆశ్చర్యం కాదు. ఊరికి కొత్తగా వచ్చినవాడు ఇక్కడ ఎవరు ఫొటోకు రావడం లేదో ముందు గమనిస్తాడు, ఎందుకంటే అతనికి ప్రతి గిరాకీ అవసరమే.

ఇరవయ్యో శతాబ్దంలోకి వస్తే డేవిడ్ సీమర్ కనిపిస్తాడు. స్నేహితులకు చిమ్. 1911లో వార్సాలో పుట్టిన యూదుడు. అమ్మానాన్నలను నాజీలు చంపేశారు. వెళ్లడానికి సొంత ఊరు లేని మనిషి రోమ్‌ను స్థావరం చేసుకున్నాడు. 1947లో ఫొటోగ్రాఫర్ల సంస్థ మాగ్నమ్‌ను పెట్టినవాళ్లలో ఒకడు. యుద్ధం నాశనం చేసిన ఊళ్లలో పిల్లల ఫొటోలు 1948లో యునిసెఫ్ కోసం తీశాడు. 1950లో యునెస్కో కోసం ఇటలీ దక్షిణ కొసన ఉన్న కలాబ్రియాకు వెళ్లాడు. అక్కడ పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పుతున్నారు. పగలంతా పొలంలో ఒళ్లు వంచినవాళ్లు రాత్రి బల్లల ముందు ఇరుక్కుని కూర్చున్నారు. సొమ్మర్ కెమెరా ముందు ఉత్తరం రాయించుకున్న దక్షిణాది పేదలే, చిమ్ కెమెరా ముందు తమ చేత్తో తామే రాస్తున్నారు. ఒకే దేశం, ఇద్దరు పరదేశులు, మధ్యలో డెబ్బై ఎనభై ఏళ్లు. 1956 నవంబరు 10న సూయెజ్ దగ్గర కాల్పుల విరమణ తర్వాత చిమ్ తుపాకీ గుళ్లకు బలయ్యాడు.

ఆ రాత్రిబడుల ఫొటోలు నాకు పాత నెల్లూరు జిల్లాను గుర్తు చేస్తాయి. నాయుడుపేట అప్పుడు ఆ జిల్లాలోదే, తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్‌లో కదా. 1990ల మొదట్లో జిల్లా అంతటా అక్షరాస్యత ఉద్యమం సాగింది. లాంతరు వెలుగులో పలకలు పట్టిన ఆడవాళ్లే దూబగుంటలో సారా కొట్టు మూయించారు. రాష్ట్రాన్ని కుదిపిన ఆ ఉద్యమం ఆ రాత్రిబడుల్లోనే పుట్టింది. ఆ బడుల ఫొటోలు ఎవరి బీరువాలో ఉన్నా అవి చరిత్ర. కలాబ్రియాకు చిమ్ దొరికాడు. మన పల్లెలకు మండల కేంద్రంలోని స్టూడియో కుర్రాడే దిక్కు. ఏ బడి ప్రారంభానికో పిలిస్తే సైకిలు మీద వెళ్లి నాలుగు ఫొటోలు తీసి వచ్చినవాడు.

మిల్టన్ గెండెల్ కథ ఇంకో రకం. న్యూయార్క్‌వాడు. స్కాలర్‌షిప్ మీద చైనా వెళ్లాలనుకుంటే అక్కడ విప్లవం వచ్చింది, ఆ దారి మూసుకుపోయింది. సరే ఇటలీ అన్నాడు. అలా వచ్చిన మనిషి 2018లో, నూరేళ్లకు రెండు నెలలు తక్కువగా, రోమ్‌లోనే పోయాడు. వచ్చిన కొత్తలో 1950లో సిసిలీ అంతా తిరిగి తీసిన ఫొటోల్లో దుమ్ము రోడ్లు, గాడిదలు, ఎండలో మెరిసే గోడలు. తర్వాతి అరవై ఏళ్లూ పార్టీలు, చిత్రకారులు, దొరసానులు, ఇంటి భోజనాలు. తన చుట్టూ ఉన్న జీవితాన్నే తీశాడు. రాజకుటుంబాలతో పరిచయం ఉన్నా ఆ ఫొటోల్లో బడాయి ఉండదు. ఎలిజబెత్ రాణి బాల్మొరల్‌లో కుక్కలకు అన్నం కలుపుతుంటే తీసిన ఫొటో చూస్తే, పక్కింటి పెద్దావిడను చూసినట్టే ఉంటుంది.

వచ్చి పోయేవాళ్లు, ఉండేవాళ్లు

చలికాలంలో నాయుడుపేట మీదుగా పెద్ద లెన్సుల కార్లు వరస కడతాయి. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగితే ఇక చెప్పక్కర్లేదు. అదే జాతి ఫ్లెమింగోలు ఇటలీలోనూ ఉన్నాయి. సార్డీనియాలో కాల్యారి నగరం అంచున మొలెంతార్జుస్ అనే ఉప్పు కయ్యలున్నాయి. 1985లో ఉప్పు తీయడం ఆగిపోయింది. 1993లో ఫ్లెమింగోలు అక్కడ గూళ్లు పెట్టాయి. ఇప్పుడు ఆ ఊరివాళ్లు అపార్ట్‌మెంట్ బాల్కనీల నుంచి వాటిని చూస్తారు. అక్కడి ఫొటోగ్రాఫర్లకు గుడ్డు నుంచి గులాబీ రెక్క దాకా పక్షి జీవితం మొత్తం తెలుసు. మన దగ్గరికి ఎగిరొచ్చే గులాబీ గుంపును అందరూ తీస్తారు. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీది గూళ్లను ఏడాది పొడవునా, వానలు లేని ఏడూ, నీళ్లు నిండిన ఏడూ తీసి పెట్టుకోవడం మాత్రం పక్క ఊళ్లో ఉండేవాళ్లకే సాధ్యం. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని వాటిని కాపాడుకున్న రైతుల ముఖాలు కూడా ఆ ఆల్బంలో ఉండాలి. లెన్సు పెద్దదైనంత మాత్రాన అవి దొరకవు.

ఇప్పుడు ఇటలీ వెళ్లే తెలుగువాళ్లు ఎక్కువే. 2023 నవంబరు 1న సినీ నటులు వరుణ్ తేజ్, లావణ్యల పెళ్లి టస్కనీలో జరిగాక మన ఫొటోగ్రాఫర్లకు ఆ కొండలు కలలోకి వస్తున్నాయి. కెమెరాతో అక్కడ కొన్నాళ్లు ఉండాలనుకునే కుర్రాళ్లకు రెండు మాటలు. మూడు నెలలు దాటి ఉండాలంటే దిగిన ఎనిమిది పని దినాల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఆ కాగితాల సంచీ పోస్టాఫీసులో తీసుకుంటారు, వేలిముద్రలు పోలీసు కార్యాలయంలో. రెండోది, 1941 నాటి కాపీరైటు చట్టం ప్రకారం మామూలు మనిషి ముఖాన్ని అనుమతి లేకుండా ప్రదర్శించకూడదు, అమ్మకూడదు. వీధిలో ముసలాయన ముఖం ఎంత బాగున్నా ముందు పలకరించాలి. ఈ చట్టం సొమ్మర్ కాలంలో ఉంటే మకరోనీ ఫొటోలు ఎన్ని మిగిలేవో.

పెట్టెల సంగతి

ఇన్ని పేర్లు ఎందుకు చెప్పానంటే, వీళ్లలో చాలామంది పెట్టెలు నిలిచాయి కాబట్టి. ఫ్లోరెన్స్‌లో 1852లో మొదలైన అలినారీ స్టూడియో భాండాగారంలోకి ఆండర్సన్ కుటుంబం నెగటివ్‌లు కూడా చేరాయి. యాభై లక్షలకు పైగా ఫొటోలున్న ఆ నిధి చెదిరిపోకూడదని టస్కనీ ప్రాంతీయ ప్రభుత్వమే దాన్ని కొనేసింది. గెండెల్ ఫొటోలు రోమ్‌లో ప్రిమోలీ ఫౌండేషన్‌లో భద్రంగా ఉన్నాయి. మన దీన్‌దయాళ్ 2,857 గాజు నెగటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. రాజుల ఫొటోగ్రాఫరు కాబట్టి అడిగేవాళ్లు ఉన్నారు.

నాయుడుపేట లాంటి ఊళ్లో స్టూడియోలను అడిగేవాళ్లు లేరు. ఒకప్పుడు పెళ్లి ఖాయమైతే పిల్ల ఫొటోకు, హాల్‌టికెట్టుకు, రేషన్ కార్డుకు, చనిపోయిన తాతకు పటం కట్టించడానికి అందరూ వచ్చేది ఆ గదికే. వెనక నీలం పరదా, మీద కొండా కొలనూ, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ. నెగటివ్‌లను చిన్న కాగితపు కవర్లలో పెట్టి, మీద పెన్సిల్‌తో పేరు, ఊరు, ఎన్ని కాపీలో రాసేవాళ్లు. మేనకూరు, పెళ్లకూరు, ఓజిలి అని ఊళ్ల వారీగా కట్టలు. ఫోన్లు వచ్చాయి, గిరాకీ పోయింది. కొట్టు ఖాళీ చేసేటప్పుడు ఆ కట్టలు పాత సామాన్ల బండెక్కుతున్నాయి. కిలోల లెక్కన తూకం వేసి తీసుకుపోయేవాడికి అవి ఉత్త ప్లాస్టిక్. నాకది కడుపు తరుక్కుపోయే దృశ్యం. స్వర్ణముఖి ఒడ్డున నలభై ఏళ్లు ఎవరు ఎలా ఉన్నారో, ఏ చీర కట్టారో, ఏ వయసుకు పెళ్లయ్యారో చెప్పే ఆధారం మరొకటి లేదు.

ఇంకా మిగిలిన పెట్టెలు ఉంటే వాటికి చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మూత తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఫిల్ము చెడిపోవడం మొదలైందని అర్థం. అలాంటివి ముందు వేరు చేయాలి, ఒకటి చెడితే పక్కవాటినీ చెరుస్తుంది. అటక మీద రేకుల వేడికి ఉంచకూడదు, ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే గదికి దించాలి. ప్లాస్టిక్ సంచుల్లో బిగించకుండా కాగితపు కవర్లలోనే ఉంచాలి. స్కానర్ లేకపోతే టాబ్లెట్ తెర తెల్లగా వెలిగించి, నెగటివ్‌ను దానికి కాస్త ఎత్తులో పట్టి, ఫోనుతో తీసినా సరే, తర్వాత రంగులు తిప్పుకోవచ్చు. అన్నిటికన్నా ముందు చేయాల్సింది పేర్లు రాయించడం. కవరు మీద పెన్సిల్ గీత చెరిగిపోతోంది, ముఖం చూసి ఎవరో చెప్పగలిగినవాళ్లకు డెబ్బై దాటాయి. ఆ స్టూడియోలు నడిపినవాళ్లను కూర్చోబెట్టి, ఒక్కో ఫొటో చూపించి, ఎవరు, ఏ ఊరు, ఏ సందర్భం అని అడిగి రాసుకునే పనికి నాయుడుపేట డిగ్రీ పిల్లలు ఈ సెలవుల్లోనే దిగవచ్చు.